మామగారి పట్టు

ఆయన్ని ఆ బజారులో అందరూ సీటు మాస్టారనే పిలుస్తారు. బళ్ల సీట్లు కుట్టడం ఆయన పని. చిరిగిన సీటుకి కొత్త తొడుగు వేస్తాడు, కుంగిన సీటుకి స్పాంజి మారుస్తాడు. వచ్చినవాడి ఒళ్లు చూసి, నడక చూసి, "నడుం నొప్పుందా మీకు?" అని అడిగి మరీ స్పాంజి కోస్తాడు. పనిలో వంక పెట్టడానికి లేదు. మనిషిలో వంకలంటారా, ఉన్నాయి. అందులో పెద్దది ఒకటుంది. ఆయనకి తోడల్లుడంటే కుళ్లు.

అది ఊరికే పుట్టిన కుళ్లు కాదు. టైర్ల దగ్గర పుట్టింది. ఎలాగో చెప్పాలంటే ముందు మామగారి సంగతి చెప్పాలి.

మామగారు బస్సు డ్రైవరుగా పనిచేసి దిగిపోయిన మనిషి. ఇంట్లో కూర్చోవడం చేతకాక కొండమీదున్న డ్రైవింగు స్కూల్లో పాఠాలు చెబుతున్నాడు. కొండకి వెళ్లేది మలుపుల రోడ్డు. ఒకవైపు రాయి, ఇంకోవైపు నడుమెత్తు గోడ. ఆయన ఎవరి బండి వెనకాల ఎక్కితే వాళ్లకి ఆ రోజు మూడినట్టే. "ఇక్కడ గేరు మార్చవేం?", "ఆ హారనెందుకు, వాడికి కళ్లున్నాయిగా!", "అది బ్రేకనుకున్నావా, మద్దెలనుకున్నావా?" అంటూ దిగేదాకా దంచుతూనే ఉంటాడు. సొంత తమ్ముడే ఒకసారి సగం దారిలో బండాపి "నువ్వే నడుపుకో అన్నయ్యా" అని నడిచి ఇంటికొచ్చేశాడు.

అలాంటి మనిషి, పెద్దకూతురి పెళ్లయిన కొత్తలో, సీటు మాస్టారి వెనక కూర్చుని కొండెక్కాడు. దారి పొడుగునా నోరు మెదపలేదు. పైన దిగి, చొక్కా సర్దుకుని, "ఫరవాలేదయ్యా" అన్నాడు. అంతే. మాస్టారికి తండ్రి లేడు. ఊహ తెలిసేసరికే పోయాడు. మేనమామ ఇంట్లో, మేనమామ తిట్లలో పెరిగాడు. నువ్వు చేసిన పని బాగుందని ఒక పెద్దవాడి నోట వినడం ఆయనకి అదే మొదటిసారి. ఆ "ఫరవాలేదయ్యా" విన్న రోజున షాపు తెరవడం కూడా మరిచిపోయి బజారంతా తిరిగాడు పిచ్చివాడిలాగా.

ఆనాటి నుంచీ పొద్దున్నే మామగారిని స్కూలు దగ్గర దింపడం మాస్టారి హక్కయిపోయింది. ఎవరూ ఇవ్వలేదు, ఈయనే తీసుకున్నాడు. బస్సు సీట్లో కూర్చుని కూర్చుని మామగారి నడుం అరిగిపోయిందని, ఆయన కోసం తన బండి వెనకసీటు విప్పి మళ్లీ కట్టాడు. కింద గట్టి స్పాంజి, పైన మెత్తది, వెన్నుపూస ఆనేచోట చిన్న గాడి, అంచులు కొద్దిగా ఎత్తు. పైన గరుకు రెగ్జిన్. వానలో కూర్చున్నా జారదు. మామగారు దానిమీద రాజాలాగా కూర్చునేవాడు, రెండు చేతులూ తన మోకాళ్ల మీద పెట్టుకుని. ఎంత మలుపొచ్చినా ముందున్నవాణ్ని పట్టుకునేవాడు కాదు.

"పట్టుకోండి మామయ్యా, గుంటలున్నాయి" అని మొదట్లో ఒకసారి అన్నాడు మాస్టారు.

"స్టీరింగు పట్టిన చేతులయ్యా ఇవి. మనుషుల్ని పట్టుకోవు" అన్నాడు మామగారు.

మాస్టారు మళ్లీ అడగలేదు. కానీ ఆ చెయ్యి ఒక్కసారి తన భుజం మీద పడితే బాగుండునని మనసులో ఉండేది. ఇంత గడ్డమొచ్చిన మగాడు అలాంటిది పైకి చెప్పుకుంటాడా?

ఇలా సాఫీగా జరుగుతుండగా చిన్నకూతురికి పెళ్లయింది. చిన్నల్లుడు దిగాడు. లిఫ్టులు బాగుచేసే పని. కుర్రాడు మంచివాడు, చిక్కంతా అక్కడే. చెడ్డవాడైతే తిట్టుకోవడం తేలిక. పొద్దస్తమానం "అన్నయ్యా, అన్నయ్యా" అంటూ వెంట తిరిగేవాడు. మాస్టారి బండి చూసి ముచ్చటపడి అదే కంపెనీ, అదే మోడలు, అదే నల్లరంగు కొనుక్కొచ్చాడు. రెండూ పక్కపక్కన పెడితే నంబరు చూసుకుని ఎక్కాల్సిందే. నాదాన్ని చూసే కొన్నాడని మాస్టారికి అప్పట్లో గర్వంగానే ఉండేది.

కొన్నాళ్లకే ఆ చిన్నల్లుడు కంపెనీ టైర్లు రెండూ పీకించి వేరేవి వేయించాడు. చూపించడానికి నేరుగా సీట్ల షాపుకే తెచ్చాడు.

"అదేంటి తమ్ముడూ, కొత్త టైర్లకేం రోగమొచ్చింది?"

"రోగం కాదన్నయ్యా. కంపెనీవాడు వేసేది గట్టి రబ్బరు. ఏళ్లతరబడి అరగదు, మైలేజీ వస్తుంది. కానీ తడి రోడ్డు మీద మలుపు తిప్పితే పట్టుండదు. ఇది మెత్తరకం. తొందరగా అరుగుతుందిగానీ ఉడుంపట్టనుకో."

"బండి చేసినవాడికి తెలీదా, ఏ టైరు వెయ్యాలో? నీకు తెలిసిందా?"

"వాడు అందరికీ కలిపి ఒకటే వేస్తాడన్నయ్యా. మన కొండరోడ్డు గురించి వాడికేం తెలుసు?"

మాస్టారు పెదవి విరిచాడు. కంపెనీ సీటు అందరికీ కలిపి ఒకటే, నీ నడుం గురించి వాడికేం తెలుసు అని వచ్చిన ప్రతివాడికీ తను చెప్పే మాట కూడా ఇదేనని ఆయనకి తట్టలేదు. తట్టినా ఒప్పుకునే రకం కాదు.

ఆ వారంలోనే మాస్టారికి జ్వరం తగిలింది. పొద్దున్నే సన్నగా తుంపర. మామగారిని ఎవరు దింపాలి? చిన్నల్లుడు దింపాడు.

సాయంత్రం మామగారు పెద్దల్లుడి జ్వరం ఎలా ఉందో చూడ్డానికొచ్చాడు. మంచం పక్కన కుర్చీ లాక్కున్నాడు. "తగ్గిందా?" అన్నాడు. మాస్టారు "తగ్గింది మామయ్యా" అనేలోపే రెండో మాట ఎత్తుకున్నాడు.

"ఏం టైర్లయ్యా అవి! నీళ్లట్యాంకు మలుపు లేదూ, ఇసక కొట్టుకొచ్చి ఉంటుంది చూడు, అక్కడ నువ్వెప్పుడూ కాలు కింద పెడతావుగా. వాడు పెట్టలా! బండి అట్లా వాలింది, అట్లా లేచింది. తడి రోడ్డు మీద! నా సర్వీసులో అంత పట్టు నేను చూళ్లేదు. పట్టంటే అదీ!"

జ్వరం తగ్గిన ఒళ్లు మళ్లీ కాలిపోయింది మాస్టారికి. తను కాలు కింద పెట్టడం ముసలాయన ఇన్నేళ్లూ వెనకనుంచి చూస్తున్నాడన్నమాట! చూసి ఒక్కమాటా అనలేదన్నమాట! పైగా తనకి దక్కింది "ఫరవాలేదు". నిన్నగాక మొన్నొచ్చినవాడికి "పట్టంటే అదీ"నా?

మర్నాడు తెల్లారగానే లేచి బండి కడిగాడు, వెనకసీటు తుడిచాడు, వీధిలో నిలబడ్డాడు. అటునుంచి నల్లబండి వచ్చింది. ముందు చిన్నల్లుడు, వెనక మామగారు, చేతులు మోకాళ్ల మీద.

"ఒంట్లో బాగాలేదుగా, పడుకోవయ్యా!" అని మామగారు కేకేసి చెప్పాడు. బండి ఆగలేదు.

ఆ రోజు మాత్రమే అయితే సరే. తర్వాత రోజు వానన్నారు. ఆ తర్వాత, వాన లేదుగానీ రోడ్డు తడిగా ఉందన్నారు. ఆ పైన రోడ్డు కూడా ఆరింది, ఇక కారణం చెప్పడం కూడా మానేశారు. మాస్టారు పొద్దున్నే బండి కడగడం, తుడవడం, వాళ్లు వెళ్లిపోతుంటే కడుగుతున్నది కడుగుతున్నట్టే ఉండిపోవడం. కొత్తొక వింత, పాతొక రోత అని ఊరికే అన్నారా పెద్దవాళ్లు!

"మీరూ ఆ టైర్లే వేయించుకోండి, గొడవొదిలిపోతుంది" అంది భార్య.

"వాణ్ని చూసి నేను మార్చుకోవాలా?"

"మిమ్మల్ని చూసి వాడు బండే కొన్నాడు. ఏం, వాడు చిన్నబోయాడా?"

"నా టైర్లు ఇంకా అరగలేదు."

"టైర్లు అరగలేదు, మీరే అరిగిపోతున్నారు. మా మరిది పేరెత్తితే చాలు, మొహం చిట్లించుకుంటున్నారు. అంత ఏడుపు పనికిరాదండీ."

"నాకేం ఏడుపు? ఎవరి వెనక కూర్చుంటే నాకేంటి?" అన్నాడు మాస్టారు. అని, అన్నం సగంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు.

షాపులో కూర్చున్నా అదే ధ్యాస. ఒకడి సీటుకి ఇంకొకడి తొడుగు కుట్టి, విప్పి, మళ్లీ కుట్టాడు. ఎవడో మాటల్లో "కుట్టుకి మంచి పట్టుండాలి మాస్టారూ" అన్నందుకు వాడి మీద అరిచాడు. పట్టు అనే మాటే చెవిన పడకూడదు.

అట్లాంటి సమయంలో ఓ మధ్యాహ్నం మామా చిన్నల్లుడూ ఇద్దరూ కలిసి షాపు ముందు దిగారు. మామగారు నడుం మీద చెయ్యేసుకుని దిగాడు. మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. నడుం పట్టేసిందన్నమాట! ఇక మళ్లీ నా బండే గతి!

"పెద్దల్లుడూ, టైర్లు బంగారంగానీ, వీడి సీటు వట్టి చెక్కబల్లయ్యా. నా నడుం విరిగిపోతోంది" అన్నాడు మామగారు. "నీ బండికి కట్టావు చూడు, అలాంటిది వీడికీ కట్టు. ఆ టైర్లూ, నీ సీటూ, రెండూ ఒక్కచోట ఉంటే ఇక నాకేం కావాలయ్యా!"

చిన్నల్లుడు పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. "అన్నయ్య చెయ్యి పడితే తిరుగేముంది మామయ్యా."

ఎంత మాట! ఈ ప్రపంచంలో మాస్టారికి మిగిలింది ఆ సీటొక్కటే. నడుం నొప్పి పుట్టాకైనా ముసలాయన తన దగ్గరికి రాకపోతాడా అని ఇన్నాళ్లూ ఆశ. ఇప్పుడు దాన్ని కూడా తన చేత్తోనే కుట్టి వాడికి అప్పగించాలట! పుండు మీద కారం చల్లినట్టయింది. కానీ మామగారు ఎదురుగా నిలబడి అడుగుతుంటే కాదనే నోరేది?

"దాందేముంది మామయ్యా, రేపటికల్లా కట్టేస్తాను" అన్నాడు, నవ్వుతూనే.

సీటు విప్పి బల్లమీద పెట్టుకున్నాడు. స్పాంజి చెడగొడదామనే కూర్చున్నాడు, దాచడమెందుకు. గట్టి ముక్క పైన, మెత్తది కింద వేస్తే సరి, నాలుగు రోజుల్లో ముసలాయన నడుం పట్టుకుని తన దగ్గరికే వస్తాడు. కత్తి చేతిలోకి తీసుకున్నాడు. కానీ చెయ్యి మాట వినలేదు. ఆ నడుం ఎక్కడ నొప్పెడుతుందో చేతికి కంఠతా వచ్చు. గాడి పడాల్సినచోట గాడి పడింది, అంచు లేవాల్సినచోట లేచింది. చూసుకుంటే తన బండి సీటుకన్నా ఒక పిసరు బాగానే కుదిరింది. మాస్టారికి తన మీద తనకే కోపమొచ్చింది.

ఇక మిగిలింది పైతొడుగు. గరుకు రెగ్జిన్ చుట్ట అందుబాటులోనే ఉంది. దాని పక్కనే ఇంకో చుట్ట ఉంది. మంగలిషాపు కుర్చీలకని తెప్పించిన నల్లటి రెగ్జిన్, అద్దంలాంటి నునుపు. "ఇది కుర్చీకేగానీ బండికి పనికిరాదు బాబూ, ఈగ వాలినా జారిపోతుంది" అని అడిగినవాళ్లందరికీ చెప్పి పంపే సరుకది. మాస్టారు దానివంక కాసేపు చూశాడు. ముసలాయన కూర్చుంటాడు. మలుపులో సర్రుమని జారతాడు. కోపమొస్తుంది. దిగి "ఛీ, నీ బండీ వద్దు, నీ టైర్లూ వద్దు" అని వాణ్ని నాలుగు తిట్టి తన బండెక్కుతాడు. అంతకుమించి చెడు ఆయన మనసులో లేదు. కానీ అంత చెడు మాత్రం ఉంది.

ఆ నునుపు రెగ్జినే బిగించాడు. చాలదన్నట్టు పైన పాలిష్ కూడా పట్టించాడు.

"అన్నయ్యా! అద్దంలో మొహం చూసుకోవచ్చు!" అని చిన్నల్లుడు షాపు ముందే మాస్టారిని కావలించుకున్నాడు. మాస్టారు తేలు కుట్టిన దొంగలాగా నిలబడ్డాడు.

తెల్లారింది. వాళ్లు బయల్దేరడం కిటికీలోంచి చూశాడు. చూశాక కాలు నిలవలేదు. జారి కోపమొస్తే మంచిదే. జారి పడితే? ఆ వయసులో, ఆ నడుంతో, గోడవైపు పడితే? భార్యతో "కొండమీద దారం తెచ్చుకోవాలి" అని అబద్ధమాడి బండి తీసి వెంటబడ్డాడు.

మొదటి మలుపు. చిన్నల్లుడు బ్రేకు వేశాడు. టైర్లు రోడ్డుని పట్టుకున్నాయి, బండి వేగం ఠక్కున తగ్గింది. వెనకున్న ముసలాయన మాత్రం తగ్గలేదు. సర్రున ముందుకి జారి చిన్నల్లుడి వీపుకి గుద్దుకున్నాడు. వెనక్కి సర్దుకుని కూర్చున్నాడు. మళ్లీ జారాడు. మాస్టారికి సంతోషమూ భయమూ ఒకేసారి పుట్టాయి. "తిట్టు, మామయ్యా, తిట్టు" అనుకున్నాడు.

తర్వాతది నీళ్లట్యాంకు మలుపు. బండి వాలింది. ముసలాయన పక్కకి జారాడు. మాస్టారు "మామయ్యా!" అని అరిచేశాడు కూడా. అప్పుడు, మోకాళ్ల మీదున్న ఆ రెండు చేతులూ లేచాయి. లేచి చిన్నల్లుడి నడుం చుట్టూ పడ్డాయి. గట్టిగా వాటేసుకున్నాయి.

మలుపు దాటింది. రోడ్డు తిన్నగా వచ్చింది. చేతులు తియ్యలేదు.

స్టీరింగు పట్టిన చేతులు. మనుషుల్ని పట్టుకోని చేతులు. ఇన్నేళ్లలో ఒక్కసారి, ఒక్క గుంటలో, పొరపాటునైనా తన భుజం మీద పడని చేతులు. వాటిని ఎవరు తీసుకెళ్లి ఆ లిఫ్టువాడి నడుం చుట్టూ పెట్టారు? తనే. తన రెగ్జినే. తన పాలిషే. తాను తవ్విన గోతిలో తానే పడ్డాడంటే ఇదే. మాస్టారికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడుపొచ్చిందంటే తప్పేంలేదు, నిజంగానే వచ్చింది, ఎదురుగాలి వల్ల కాదు.

పైన స్కూలు ఆవరణలో మామగారు దిగి నవ్వుతున్నాడు! తిట్టడంలేదు, నవ్వుతున్నాడు. మాస్టారిని చూసి, "ఏమయ్యా, ఇట్లా కుట్టావేంటి సీటు? నడుంకి హాయిగా ఉందిగానీ, దీనిమీద కూర్చోవాలంటే మీ తమ్ముణ్ని కావలించుకోవాల్సిందే!" అన్నాడు.

"మామయ్య అలా పట్టుకుంటే బండి ఇంకా బాగా తిరుగుతోందన్నయ్యా. ఇద్దరం ఒక్కలాగా వాలుతున్నాం" అన్నాడు చిన్నల్లుడు. వాడి మొహం వెలిగిపోతోంది.

మాస్టారు దారం కొనకుండానే కిందికొచ్చేశాడు.

షాపులో భార్య కూర్చుని ఉంది, ఒళ్లో నునుపు రెగ్జిన్ కత్తిరింపులు పెట్టుకుని. ఆవిడ ఇన్నేళ్లుగా ఆ షాపుకి వచ్చిపోతున్న మనిషి. ఏ ముక్క దేనికో ఒకరు చెప్పక్కర్లేదు.

"మంగలికుర్చీ రెగ్జిన్ బండికి వేశారా?"

"మెరుస్తుందని..."

"మా నాన్న జారిపడితే? వాడిమీద కుళ్లుంటే వాణ్ని తిట్టండి, కొట్టండి, మాట్లాడ్డం మానెయ్యండి. మా నాన్న నడుం ఏం పాపం చేసింది?"

మాస్టారు తలెత్తలేదు. "వాణ్ని రెండు చేతుల్తో పట్టుకున్నాడే" అన్నాడు.

ఆవిడ ఇంకా తిట్టబోయింది. ఆ మొహం చూసి నోటిదాకా వచ్చిన మాట మింగేసింది. "సాయంత్రంలోగా ఆ తొడుగు మార్చండి" అని మాత్రం చెప్పి లేచి వెళ్లింది.

సాయంత్రం కాలేదు, మధ్యాహ్నమే మార్చాడు. చిన్నల్లుడు పనిచేస్తున్న చోటికి తనే వెళ్లి, "కుట్టు ఒకచోట తప్పిందిరా తమ్ముడూ" అని సీటు విప్పుకొచ్చి, గరుకు రెగ్జిన్ బిగించి, మళ్లీ తనే తీసుకెళ్లి పెట్టాడు. విప్పిన నునుపు తొడుగు మాత్రం బల్లమీదే ఉంది. పారెయ్యడానికి చేతిలోకి తీసుకున్నాడు. పారెయ్యలేదు. రెండూ ఒకే మోడలు బళ్లు. వాడి సీటుకి సరిపోయిన తొడుగు తన సీటుకి సరిపోదా?

బుద్ధుందా అని మీరడగొచ్చు. కుళ్లున్నచోట బుద్ధెక్కడుంటుంది! కానీ ఒక్క విషయం మాత్రం ఆయన బాగా చూశాడు. నీళ్లట్యాంకు మలుపులో ముసలాయన జారినా పడకపోవడానికి కారణం టైర్లు. బండి వాలిన చోటునుంచి వెంట్రుకవాసి పక్కకి పోలేదు. అదే తన టైర్లయితే మామా అల్లుడూ ఇద్దరూ గోడకి అతుక్కుని ఉండేవాళ్లు. జారే సీటు వెయ్యాలంటే ముందు జారని టైర్లుండాలి.

తల దించుకుని టైర్ల షాపుకి వెళ్లాడు. "మా తమ్ముడు వేయించాడే, ఆ రకం. కాకపోతే వాడిదానికన్నా ఒక సైజు పెద్దది" అన్నాడు.

టైర్లాయన బండి వెనక కూర్చుని వేళ్లు పెట్టి చూపించాడు. "పెద్దది పట్టదు మాస్టారూ. ఇదిగో, ఇటు గొలుసుకి రాసుకుంటుంది. పట్టించినా బండి మలుపు తిరగనని మొండికేస్తుంది. మీ తమ్ముడి సైజే మీదీ."

"వాడి సైజే?" అన్నాడు మాస్టారు, వినకూడని మాట విన్నట్టు.

"అదే."

చక్రాలు ఊడదీశారు. సబ్బునీళ్లు రాసి, ఇనపబద్దలు దూర్చి, పాత టైర్లు పెకలించారు. కొత్తదాని పక్కన చిన్న బాణం గుర్తుంటే, చక్రం తిరిగే వైపుకి అది ఉండేట్టు చూసి ఎక్కించారు. గాలి కొడితే అంచు టప్పుమని కూర్చుంది. "కొత్త రబ్బరు మీద మైనంలాంటి పూత ఉంటుంది. అది అరిగేదాకా మెల్లగా తిరగండి, వెనకాల ఎవర్నీ ఎక్కించుకోకండి" అన్నాడు టైర్లాయన.

మాస్టారు బుద్ధిగా చెప్పినట్టే చేశాడు. రోజూ షాపు తెరిచేముందు ఒక్కడే కొండెక్కి దిగాడు. మొదట మెల్లగా, తర్వాత కాస్త వాల్చి. నీళ్లట్యాంకు మలుపులో ఒక రోజు కాలు కింద పెట్టబోయి, అవసరం లేదని తెలిసి, పైకి తీసుకున్నాడు. తన బండేనా ఇది? ఇన్నేళ్లు కాపురం చేశాక పెళ్లానికి పాటొచ్చని తెలిసినట్టుంది. తమ్ముడు చెప్పింది నిజమే. నిజమేనని వాడికి చెప్పాలా? అక్కర్లేదనుకున్నాడు. కానీ వాడు చూడనే చూశాడు.

"మామయ్యా, అన్నయ్య కూడా టైర్లు మార్పించాడు! నాకు రేపు పొద్దున్నే డ్యూటీ, అన్నయ్యతో వెళ్లండి" అని వాడే చెప్పాడు. వాడికి డ్యూటీ పొద్దున కాదని మాస్టారికి తెలుసు. ఆ మంచితనానికి కూడా ఒళ్లు మండింది.

మర్నాడు పొద్దున మామగారు వచ్చాడు. బండి చుట్టూ తిరిగాడు. టైరుమీద బొటనవేలు నొక్కి చూశాడు, "ఊఁ" అన్నాడు. సీటు వంక చూశాడు. అరచెయ్యి దానిమీద పెట్టి అటూ ఇటూ రాశాడు.

"ఇదేం, మార్చావా?"

"పాతది చిరిగింది మామయ్యా."

మామగారు ఎక్కాడు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

మొదటి మలుపు. మాస్టారు బ్రేకు వేశాడు, టైర్లు పట్టాయి, ముసలాయన జారాడు. ఒక చెయ్యి వచ్చి మాస్టారి భుజం మీద పడింది. బరువైన చెయ్యి, వేళ్ల మొదళ్లలో కాయలు కాసిన చెయ్యి. కావలసింది దొరికిందిగా, ఇక చాలదూ? చాల్లేదు. ఒక్క చెయ్యే. వాడికి రెండు. వాడికి నడుం చుట్టూ, తనకి భుజం మీద!

నీళ్లట్యాంకు మలుపు వచ్చింది. మాస్టారు కాలు కింద పెట్టలేదు. బ్రేకు మాత్రం కావలసినదానికన్నా కాస్త ఎక్కువే నొక్కాడు. టైర్లు ఉడుంలాగా పట్టాయి. ముసలాయన సర్రున జారి వీపుకి ఆనుకున్నాడు. రెండో చెయ్యి కూడా వచ్చింది. రెండూ నడుం చుట్టూ పడ్డాయి.

చెవి పక్కనే మామగారి గొంతు వినిపించింది.

"పట్టుకోమని అడిగితే పట్టుకోనటయ్యా? దానికోసం మంచి సీటు పాడుచేసుకుంటారా ఎవరైనా?"

ఒకప్పుడు అడిగానుగా అని చెబుదామనుకున్నాడు మాస్టారు. ఆ పై మలుపు దగ్గర బ్రేకు చాలా మెల్లగా వేశాడు. ముసలాయన జారలేదు. చేతులు మాత్రం అలాగే ఉన్నాయి.